పారిస్‌లో బంగారు పూత కన్సోల్ టేబుళ్లు ఎక్కడ చూడాలి?

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రెంచ్ ఫర్నిచర్ చూసి మనసు పడ్డవాళ్లు పారిస్ వెళ్తే ముందుగా వెర్సాయ్ రాజభవనానికి బయల్దేరతారు. కన్సోల్ టేబుళ్ల కోసమే (గోడకి ఆనించి పెట్టే అలంకార బల్లలు) అయితే వెర్సాయ్‌ని చివరికి ఉంచుకోమంటాను. గదుల్లో జనం తోపులాట, బల్లలకు అడ్డంగా తాళ్లు, పాలరాతి మీద చారలైనా సరిగ్గా కనబడవు. పైగా అక్కడి పాత సామాను చాలావరకు ఎప్పుడో చెల్లాచెదురైంది. తాను చేయించుకున్న వెండి బల్లల్ని రాజు 14వ లూయీ యుద్ధ ఖర్చుల కోసం 1689లో కరిగించేశాడు. ఫ్రెంచ్ విప్లవం వచ్చాక 1793-94లో రాజభవనం సామాను 17 వేలకు పైగా లాట్లుగా వేలంలో పోయింది. తోటలు మాత్రం తప్పక చూడాలి.

లూవ్ర్ మ్యూజియంలో సల్లీ విభాగం మొదటి అంతస్తుకి వెళ్లండి. మోనాలిసా దగ్గరి రద్దీ అక్కడ ఉండదు. 15వ లూయీ కాలం నాటి బల్లల వంపులు, గవ్వల, ఆకుల చెక్కడాలు చూసి, పక్కనే 16వ లూయీ కాలపు నిలువు గాడుల కాళ్లు చూస్తే అభిరుచి ఎంత మారిందో ఇట్టే తెలిసిపోతుంది. మంగళవారం సెలవు. మారే ప్రాంతంలోని కార్నవాలే అనే నగర చరిత్ర మ్యూజియంలో శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు. సోమవారం మూసేస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది సెంట్ వాన్ పాత సామాన్ల బజారు. శని, ఆదివారాల్లో వెళ్తే మంచిది. పోల్ బెర్, సెర్పెట్, బిరాన్ వరసలు చాలు. లోపలికి అడుగు పెట్టగానే 'బోంజూర్' అనాలి, ఫొటోకి ముందు అడగాలి. ఆ మర్యాద పాటిస్తే ఓపిగ్గా చూపిస్తారు. ఒక షాపాయన ఫోన్ టార్చి వేసి నన్ను బల్ల కిందకి వంగి చూడమన్నాడు. గోడకి ఆనే వైపు చెక్కడం లేదు, ఉత్త చెక్క. పైనున్న రాతి పలక అడుగున ఉలి గాట్లు. పలక పైవైపు మాత్రం పల్లీ చిక్కీ విరిచినట్టు పసుపు, గోధుమ రంగు రాళ్లు ఒకదానికొకటి అతుక్కున్న పాలరాయి. చెక్క మీద సుద్ద, జిగురు పూతలు వేసి, ఆపైన ఎర్రమట్టి రాసి, బంగారు రేకు అంటించి, అగేట్ రాయితో మెరుగు పెడతారట. అంచుల్లో బంగారం అరిగిన చోట ఆ ఎరుపు తొంగి చూస్తోంది. కొత్తగా ఇత్తడి రంగు కొట్టిన బల్లల్లో ఆ లోతు ఉండదు.

కొనే ఆలోచన ఉంటే పాలరాయిని, చెక్కని విడివిడిగా ప్యాక్ చేయించాలి. ఖరీదైన పురాతన వస్తువుకి దేశం దాటించే ధ్రువపత్రం అవసరం కావచ్చు, షాపులోనే తేల్చుకోండి. కొనకపోయినా డ్రువో వేలంశాలలో అమ్మకానికి ముందు జరిగే ప్రదర్శన ఉచితంగా చూడొచ్చు.

బసకి గార్ దు నోర్ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల మేలు. 4వ నంబరు మెట్రో ఎక్కితే పోర్ట్ దె క్లిన్యాంకూర్‌లో దిగి సెంట్ వాన్‌కి నడిచిపోవచ్చు. గార్ దు నోర్ పక్కనే లా షపెల్ వీధుల్లో తమిళుల హోటళ్లలో ఇడ్లీ, దోసె దొరుకుతాయి. మేం దిగిన హోటల్లో లిఫ్ట్ లేదు, మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ చాలా అవస్థ పడింది. పెద్దవాళ్లు వెంట ఉంటే బుక్ చేసే ముందే లిఫ్ట్ సంగతి అడగండి.