ఖాతాదారు ఆన్‌లైన్‌లో ఎంతసేపున్నాడు: ఏ లెక్క మేలు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే లెక్కలు మూడున్నాయి. ఒకే మనిషికి ఒకే రోజున మూడూ మూడు రకాల అంకెలు చూపిస్తాయి, ఎందుకంటే అవి కొలిచేది ఒకే దాన్ని కాదు.

మొదటిది కనెక్షన్ ఇచ్చే కంపెనీ దగ్గరుండే లెక్క. ఖాతా లాగిన్ కాగానే రేడియస్ సర్వర్‌కు (ఎవరు ఎప్పుడు కనెక్టయ్యారో రాసుకునే కంపెనీ కంప్యూటర్‌కు) ‘స్టార్ట్’ అని, కనెక్షన్ తెగగానే ‘స్టాప్’ అని సమాచారం అందుతుంది. మధ్యలో గడిచిన కాలం సెకన్లలో నమోదవుతుంది. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2866లో ఉన్న పద్ధతి ఇది. ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రాలు. ఫోన్ లైను మీద నెట్ వాడిన డయలప్ రోజుల్లో దీనికి తిరుగు లేదు. లైను కలిసినంతసేపే నెట్, గంటల లెక్కన బిల్లు.

చిక్కల్లా ‘స్టాప్’ దగ్గరే. కంపెనీ వైపు పరికరం ఉన్నట్టుండి ఆగిపోతే ఆ సమాచారం రానే రాదు. ఎప్పుడో వెళ్లిపోయిన ఖాతాదారు రోజుల తరబడి ఆన్‌లైన్‌లో ఉన్నట్టే కనిపిస్తాడు. దీనికి మందు ‘ఇంటరిమ్ అప్‌డేట్’, అంటే సెషన్ (లాగిన్ నుంచి తెగేదాకా సాగే కనెక్షన్) ఇంకా నడుస్తోందని మధ్యమధ్యలో తెలపడం. ఈ వ్యవధి 60 సెకన్ల కంటే తక్కువ ఉండకూడదని, 600కి తగ్గకుండా ఉంటే మంచిదని ఆర్‌ఎఫ్‌సీ 2869 చెబుతుంది. ఇది లేకుండా లెక్కలు రాసే కంపెనీ బిల్లును నేనైతే నమ్మను.

అయితే ఇప్పుడు ఇంట్లో రౌటర్ రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. ఆ లెక్క ప్రకారం అందరూ రోజుకు 24 గంటలూ ఆన్‌లైనే!

రెండోది వెబ్‌సైట్ వేసే లెక్క. క్లిక్కుకూ క్లిక్కుకూ మధ్య ఎంతసేపు గడిచిందో చూస్తుంది. చాలాచోట్ల 30 నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ అయిపోయినట్టే. వచ్చినవాళ్లు చివరి పేజీ ఎంతసేపు చదివారో పాత తరహా లాగ్‌లకు, అంటే సైటు రాసుకునే చిట్టాలకు, తెలియదు. సైటు యజమానికి పనికొస్తుంది గానీ, వేరే సైట్లలో గడిపిన కాలం దీనికి అందదు.

మూడోది ఫోన్‌లోనే ఉండే స్క్రీన్ టైమ్. ఐఫోన్‌లో ఇది 2018లో వచ్చింది. స్క్రీన్ వెలిగి, యాప్ ఎదురుగా ఉన్న సమయాన్నే లెక్కిస్తుంది కాబట్టి మనిషికి దగ్గరగా ఉండేది ఇదే. నెట్ లేకుండా ఆడిన ఆట కూడా ఇందులో కలిసిపోతుంది, అది వేరే సంగతి. ఇంకో ఫోన్ వాడితే ఆ సమయం ఇందులోకి రాకపోవచ్చు.

బిల్లు తగాదా అయితే మొదటిదే పట్టుకోండి, ఇంటరిమ్ రికార్డులు కూడా అడగండి. మీ అలవాటు తెలుసుకోవాలంటే స్క్రీన్ టైమ్ చాలు. ఫలానా వేళ నెట్ వాడిందెవరో తేల్చాలంటే మాత్రం కంపెనీ లెక్క ఒక్కటీ సరిపోదు. అది ఖాతా పేరే చెబుతుంది, ఆ ఖాతా మీద ఇంట్లో నలుగురు ఉండొచ్చు.