లాక్స్‌టన్: గట్లు లేని పొలాల ఊరు

ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్స్ కొండ పల్లెల తరహా తేనెరంగు రాతి ఇళ్లు ఉంటాయనుకుని నాటింగ్‌హామ్‌షైర్‌లోని లాక్స్‌టన్‌కి వెళ్తే ఉసూరుమనాల్సిందే. ఎర్ర ఇటుక, ఎర్ర పెంకు, రోడ్డు నిండా ట్రాక్టర్ బురద. వెంట వచ్చిన పిల్లలు పది నిమిషాల్లో "ఇంతేనా?" అంటారు. అయినా ఇంగ్లండులో ఒక్క పల్లెటూరికే వీలుంటే ఇక్కడికే వెళ్లండి.

18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలతో దేశమంతా ఉమ్మడి పొలాలను విడగొట్టి కంచెలు వేసేశారు. ఇక్కడ మాత్రం ఇద్దరు పెద్ద భూస్వాములకు పొత్తు కుదరక పాత పద్ధతి బతికిపోయిందంటారు. వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అని మూడు పెద్ద పొలాలు. వాటిలో రైతులకు విడివిడిగా చెక్కలు; నడుమ కంచె లేదు, గట్టూ లేదు. ఒకదాంట్లో చలికాలపు గోధుమ, ఇంకోదాంట్లో వసంతకాలపు పంట, మూడోది పడావు. ఏటా వంతు మారుతుంది. నాగలి సాగని పల్లపు చోట్లు 'సైక్'లు, అంటే గడ్డి పట్టీలు. ఆ గడ్డిని వేసవిలో వేలం వేస్తారు.

మరి గట్టే లేకపోతే గట్టు తగాదాలు? నవంబరు చివర్లో ఊరి రైతుల జూరీ కొత్తగా గోధుమ విత్తిన పొలం చుట్టి వస్తుంది. దారి మీదికో గడ్డి మీదికో ఎవరైనా దున్నుకొచ్చి ఉంటే అసలు హద్దులో గుంజ పాతుతుంది. వారం తర్వాత కోర్ట్ లీట్ అనే పాతకాలపు ఊరి కోర్టు కూర్చుని జరిమానా వేస్తుంది, అదీ డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో! సర్వే రాయి కోసం మండలాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాళ్లకు కడుపు మండుతుంది.

రైతులు ఎక్కువగా కౌలుదార్లే. భూమిని 1952లో మాన్వర్స్ ఎర్ల్ అనే ప్రభువు నుంచి వ్యవసాయ శాఖ కొంది. 1981లో రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్‌కి, 2020లో మళ్లీ మాన్వర్స్‌ల పాత థోర్స్‌బీ ఎస్టేట్‌కి చేరింది.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి న్యూఆర్క్ నార్త్‌గేట్‌కి రైలుంది. బస కూడా న్యూఆర్క్‌లోనే మేలు. అక్కడి నుంచి కారు తీసుకోండి, బస్సును నమ్ముకోవద్దు. ముందు పబ్బు వెనకున్న సందర్శక కేంద్రంలో పొలాల పటం చూడాలి. లేకపోతే కళ్లెదుట ఉన్నది ఉత్త మైదానమే. 1635లో గీసిన అసలు పటం మాత్రం ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. కాలిబాటలకూ ఊరి ఉత్తరాన ఉన్న పాత కోట దిబ్బకూ టికెట్ లేదు. జూన్‌లో, గడ్డి కోయకముందు వెళ్తే పూలు దొరుకుతాయి. కోతలయ్యాక వెళ్లకండి, అన్ని చెక్కలూ ఒకేలా ఉంటాయి. వాన పడితే బంకమట్టి అడుగుకో కిలో చొప్పున బూటుకి అంటుకుంటుంది. కారులో పాత గోనెసంచి ఒకటి ఉంచుకోండి.