తెలుగు టైపింగ్: ఇంగ్లీష్ అక్షరాలతోనా, ఇన్‌స్క్రిప్ట్‌లోనా?

ఖర్చు: రెండూ ఫ్రీనే. ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు కొట్టడానికి ఫోన్‌లో గూగుల్ వాళ్ల కీబోర్డ్ జీబోర్డ్ ఉంది. ఇన్‌స్క్రిప్ట్ అంటే తెలుగు అక్షరాలనే నేరుగా మీటలకి కేటాయించిన కీబోర్డ్ లేఅవుట్, కంప్యూటర్‌లో అయితే విండోస్‌లోనే ఉంటుంది, సెట్టింగ్స్‌లో తెలుగు యాడ్ చేసుకుంటే చాలు.

నేర్చుకోవడం: జీబోర్డ్‌కి ఏమీ అక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఇన్‌స్క్రిప్ట్‌కి మాత్రం ఓపిక కావాలి, మొదట్లో ఒక్కో అక్షరం వెతుక్కోవాల్సిందే. కానీ అచ్చులు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి కాబట్టి లయ త్వరగానే పట్టుబడుతుంది.

తప్పులు: నాకు అసలు తేడా ఇక్కడే కనిపిస్తుంది. ఇంగ్లీష్ అక్షరాలు కొడితే ఏ పదం కావాలో సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది, అందుకే కళ కాస్తా కల అయిపోతుంది, ఊరి పేర్లూ ఇంటిపేర్లూ అయితే మరీ ఘోరం, ప్రతిసారీ పైన సజెషన్లు చూస్తూ కూర్చోవాలి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఊహ లేదు, క్ష కావాలంటే క, పొల్లు, ష వరసగా కొట్టాలి, కొట్టిందే వస్తుంది. పైగా 1991 నాటి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో ఉన్న లేఅవుట్ ఇది, హిందీకీ కన్నడకీ కూడా క అదే మీటలో ఉంటుంది.

వాట్సాప్ మెసేజ్‌లకీ కామెంట్లకీ జీబోర్డ్ హాయి. కథలు, వార్తలు, వికీపీడియా వ్యాసాలు రాసేవాళ్లు మాత్రం దయచేసి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి.