విశాఖలో "ఫుల్ టేకు" క్రాకరీ బీరువా చేయిస్తున్నారా? పాలిష్ పడకముందే ఒకసారి చూసి రండి

పింగాణీ సామాను కోసం అద్దాల బీరువా చేయించుకోబోతున్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చేముందు ఇది చదవండి. "ఫుల్ టేకు" అని అంటగట్టిన బీరువా ఒకటి వర్షాకాలం దాటేసరికి ఇలా తయారైంది: మధ్య అర కిందికి వంగింది, కింది సొరుగు ఉబ్బి బిగుసుకుపోయింది, అడుగున ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ సన్నటి పిండి రాలుతోంది. అడిగితే షాపు జవాబు: "మీ ఇంట్లో చెదలున్నాయండి, దానికి మా పూచీ లేదు."

ఈ జవాబుకు లొంగిపోకండి. చెదలైతే సాధారణంగా మట్టి ఉంటుంది, గోడ నుంచో నేల నుంచో మట్టి దారి కనిపిస్తుంది. చెక్క మీద గుండుసూది తలంత గుండ్రటి బెజ్జాలుండి, వాటిలోంచి టాల్కం పౌడరులాంటి మెత్తటి పొడి రాలుతుంటే అది పుచ్చు పురుగు. చాలావరకు చెక్కతోపాటే ఇంటికొస్తుంది. చెట్టు నడిమి చేవలో ఈ పురుగుకు తిండి దొరకదు. చేవ చుట్టూ ఉండే తెల్ల చెక్కలో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి అక్కడ గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు నెలల తరబడి లోపలే తిని, పెద్దదయ్యాక బెజ్జం చేసుకుని బయటపడుతుంది. అందుకే కొన్నరోజు ఏమీ కనబడదు. టేకైనా సరే, తెల్ల చెక్కకు ఈ బెడద తప్పదు. దాని మీద ముదురు రంగు పాలిష్ పట్టిస్తే చేవకూ దానికీ తేడా తెలియదు.

మోసం దాగేది పాలిష్ కిందే. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "పాలిష్ వేసేముందు వచ్చి చూస్తాం, ఆ తర్వాతే రెండో విడత డబ్బు" అని కాగితం మీద రాయించుకోండి. వెళ్లినప్పుడు ముందు తలుపులు కాదు, సొరుగు పూర్తిగా బయటికి లాగి దాని అడుగు చూడండి. తర్వాత అరల వెనక అంచులు, బీరువా వీపు. లేత పసుపు తెలుపు పట్టీలు కనిపిస్తే ఆ ముక్క మార్చమనండి. పలక మీద నడిచే చార అంచు దగ్గర కూడా కొనసాగాలి. అంచులో వేరే చెక్క పట్టీ అతికించి ఉంటే అది వెనీర్ (పైన అతికించిన పలుచని చెక్క పొర), లోపల ప్లైవుడ్డో పొట్టు బోర్డో (పార్టికల్ బోర్డు) ఉంటుంది. రెండు తలుపుల మీద ఒకే చార అచ్చుగుద్దినట్టుంటే అది చెక్కే కాదు, అచ్చు వేసిన కాగితం.

వెనీర్ వాడటం తప్పేం కాదు. దాన్ని టేకు ధరకు అమ్మడమే తప్పు. తీసుకుంటే కింద ఐఎస్ 710 ముద్ర (తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) ఉన్న ప్లైవుడ్ ఉండాలి. పొట్టు బోర్డు మాత్రం ఈ ఊరికి పనికిరాదు. నేల తుడిచిన నీళ్లు అంచుకు తగిలితే ఉబ్బుతుంది, ఆరినా తిరిగి పాత మందానికి రాదు, స్క్రూ పట్టు వదిలేస్తుంది. ఏ చెక్కైనా బీరువాకు నాలుగంగుళాల కాళ్లు, వాటికింద రబ్బరు బుష్‌లు పెట్టించండి.

అర వంగడానికి కారణం బరువు ఒక్కటే కాదు, పొడవు. పింగాణీ భోజనం ప్లేటు అరకిలో నుంచి ముప్పావుకిలో ఉంటుంది, అంటే డజను ప్లేట్లకు ఆరు నుంచి తొమ్మిది కిలోలు. అదే బరువుకు అర పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి రెండడుగులకోసారి మధ్యలో నిలువు పలక ఉండాలి. అది కుదరకపోతే అర ముందంచు కింద ఒకటిన్నర అంగుళాల టేకు పట్టీ కొట్టించండి. ప్లేట్లు నిలబెట్టి చూపించాలంటే అరలో వెనక నుంచి రెండంగుళాల దూరంలో పావు అంగుళం లోతు గాడి తీయించాలి. షోరూముల్లో దీన్ని మర్చిపోతారు, ఇంటికొచ్చాక ప్లేట్లు జారుతాయి. ఆవకాయ జాడీలు కింది అరలోనే పెట్టుకోండి, పైన ఏటికొప్పాక బొమ్మలు పెట్టుకుంటే అందమూ తేలికా.

పచ్చి కలప సంగతి. చెమ్మ కొలిచే మీటరు చెక్కకు గుచ్చి చూపించమనండి, 12 నుంచి 15 శాతం మధ్య ఉంటే సరే. 20 దాటితే వద్దు, ఆరేకొద్దీ మెలిక తిరుగుతుంది. తలుపు మధ్య పలకను చట్రం గాడిలో జిగురు లేకుండా వదిలేయాలి. జిగురుతో బిగిస్తే ఎండకాలం ముడుచుకోలేక నిలువునా చీలుతుంది. పాతకాలం వడ్రంగులకు ఇది చెప్పే పనే ఉండేది కాదు. ఏనుగు దంతం పొదిగిన బల్లలూ పెట్టెలూ 18వ శతాబ్దంలోనే విదేశాలకు పంపిన ఊరిది!

లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి వైపు ఇళ్లకు ఇంకో మాట. ఉప్పుగాలికి జింకు పూత బందులూ స్క్రూలూ త్వరగా తుప్పు పడతాయి. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బందులు అడగండి. షాపులో అయస్కాంతం పెట్టి చూసి మురిసిపోకండి, కొన్ని నాసిరకం స్టీళ్లకూ అది అంటుకోదు. బిల్లులో 304 అని రాయించుకోవడమే దారి. గాజు అరలు 8 మిల్లీమీటర్ల టఫెండ్ గాజువి కావాలి, మూలలో ముద్ర చూడండి. బీరువా పై భాగాన్ని రెండు ఎల్ బ్రాకెట్లతో గోడకు బిగించాలి. కొత్త ఫ్లాట్లలో తేలిక బ్లాకుల గోడలైతే మామూలు ప్లగ్ ఊడొస్తుంది, ఆ గోడలకు తగినదే అడగండి.

బిల్లు మీద "టేకు బీరువా" అని రెండు ముక్కలు చాలవు. చట్రం, అరలు, వీపు, సొరుగు అడుగు, ఏది ఏ చెక్కో విడివిడిగా రాయించాలి. "బిల్లు లేకుండా తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి, తర్వాత నిలదీయడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇప్పటికే పిండి రాలుతున్న బీరువా మీ ఇంట్లో ఉంటే షాపువాళ్ల పాలిష్ మనిషిని పిలవకండి, వాడు ముందు చేసేది బెజ్జాలు పూడ్చడమే. పొడి ఒక పొట్లంలో దాచి, బెజ్జాల పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, షాపుకు రాతపూర్వకంగా పంపండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. సమస్య బయటపడిన రెండేళ్లలోపు వేయాలి, వస్తువుకు మీరు చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు.