ఎర్రల పెంపకానికి నాలుగడుగుల వర్మీబెడ్డు: ఎంతవరకు పనికొస్తుంది?

గాలానికి ఎర్రలు, అంటే వానపాములు, ఇంట్లోనే పెంచుకుందామని అడిగితే ఎరువుల దుకాణంలో చూపించేది పచ్చరంగు హెచ్‌డీపీఈ వర్మీబెడ్డే, అంటే ప్లాస్టిక్ గుడ్డతో తొట్టిలా కుట్టిన సంచే. సరుకు మంచిది. కాకపోతే దాన్ని కుట్టింది ఎరువు కోసం, ఎర కోసం కాదు. ఆ తేడా పట్టుకుని కొన్ని మార్పులు చేసుకుంటే ఏడాది పొడవునా ఎరకు లోటుండదు. పట్టించుకోకపోతే నెల తిరిగేసరికి లోపల మిగిలేది కుళ్లు వాసనే.

ముందు కొలత. ఉద్యాన మిషన్ రాయితీ లెక్కలో ఉండే బెడ్డు 12 × 4 × 2 అడుగులది, అంటే 96 ఘనపుటడుగులు. అమ్మేవాళ్లు ముందుగా అదే తీస్తారు. వారానికోసారి చెరువుకెళ్లే మనిషికి అంతది దండగ. 4 × 2 × 2 అడుగులది తీసుకుని సగం ఎత్తు వరకే నింపండి. ఈ పాములు మేసేది పై జానెడులోనే. లోతు పెరిగేకొద్దీ అడుగున గాలి ఆడదు. గుడ్డ మీద ఐఎస్ 15907 ముద్ర ఉందో లేదో చూడండి, వర్మీబెడ్లకు ఉన్న భారతీయ ప్రమాణం అదే. ముద్ర లేని పలచటివి ఎండకు పెళుసెక్కి పోగులుగా ఊడిపోతాయి.

పక్కల జాలీ కిటికీలు బాగా పనిచేస్తాయి, గాలికి కొదవ లేదు. మూలల్లో కర్రలు దూర్చే తొడుగుల కుట్టు కూడా గట్టిదే. కర్రలు మాత్రం చాలాచోట్ల విడిగా కొనాలి. వెదురు కన్నా అంగుళం పీవీసీ పైపు మేలు, చెదలు పట్టదు. నింపాక బరువు నూరు కిలోలు దాటుతుంది. తర్వాత జరపడం కుదరదు కాబట్టి నీడ, వాలు చూసుకుని ముందే చోటు ఖాయం చేసుకోవాలి.

అసలు లోపం అడుగున ఉన్న నీటి గొట్టం దగ్గర. లోపలి వైపు వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది, నోటికి అడ్డేమీ ఉండదు. తడితోపాటు ఎర్రలు అందులోకి జారి ఇరుక్కుంటాయి, గొట్టం పూడుకుపోతుంది, నీళ్లు దిగక అడుగు పులుస్తుంది. దోమతెర గుడ్డను రెండు మడతలు వేసి నోటికి కట్టి, దాని చుట్టూ గుప్పెడు కంకర పోస్తే చాలు. అర్ధరూపాయి గుడ్డ కర్మాగారంలోనే కుట్టి ఇవ్వొచ్చు కదా!

రెండో లోపం, పైన మూత లేదు. లావుగా, జానెడు పొడుగు సాగే ఆఫ్రికా జాతి ఎర్ర, యూడ్రిలస్, కొత్త చోట మొదటి రెండు మూడు రాత్రులు గోడలెక్కి పారిపోతుంది. పైన చిన్న బల్బు వెలిగించి ఉంచండి, వెలుతురుకి లోపలే ఉంటాయి. ఆ తర్వాత తడి గోనెసంచి కప్పితే సరిపోతుంది. గాలానికి ఈ జాతే మంచిది. జెల్లలకు, మట్టగిడసకు, వాలుగకు ఒక్కటి గుచ్చితే చాలు. ఇంకో జాతి, చారల ఐసీనియా, సన్నం; నలిపితే పసుపు రసం కారి వాసనేస్తుంది, పరిగెల చిన్న గాలానికి పనికొస్తుంది. బెడ్డుతోపాటు అంటగట్టేది తరచు ఈ రెండూ కలిపినదే. అందులోనూ కిలో అని తూచేదానిలో సగం ఎరువే ఉంటుంది. ఎరువు దులిపి తూచమనండి. అరకిలో శుభ్రమైన పాములతో మొదలుపెట్టొచ్చు. ఎర లావెక్కాలంటే కిక్కిరిసి ఉండకూడదు.

బెడ్డులో నింపే పరుపుకి అయిదు కిలోల కొబ్బరిపొట్టు దిమ్మెలు రెండు. ఒక్కోటి పాతిక లీటర్ల నీళ్లలో నానబెట్టి, పిండి, మళ్లీ ఒకసారి కడగాలి, లేకపోతే ఉప్పు మిగులుతుంది. దానికి మూడో వంతు పేడ, ఇరవై రోజులు మాగింది. పచ్చిపేడ వేడెక్కి పాముల్ని చంపేస్తుంది. కుప్పలో మోచేతి దాకా చెయ్యి పెడితే వెచ్చగా తగలకూడదు. ఇంకొకటి, పశువులకు ఈమధ్య నట్టల మందు తాగించారేమో అడగండి. మందు పేడలోకి దిగుతుంది, ఎర్రలకు హాని. తడి సంగతికొస్తే, గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువైనట్టు. కుళాయి నీళ్లను ఒక రోజు తేర్చి వాడండి.

లావెక్కించడానికి గోధుమ తవుడు పైన పలచగా చల్లుతారు. ఇక్కడే ఎక్కువమంది చెడగొట్టుకుంటారు. చల్లింది రెండో రోజుకల్లా కనిపించకుండా పోవాలి, అప్పుడే మళ్లీ చల్లాలి. ఎక్కువైతే పులుస్తుంది, పాము ఒళ్లు పూసలు గుచ్చినట్టు గంటుగంటుగా ఉబ్బి తెగిపోతుంది. అలా ఒక్కటి కనిపించినా పై పొర మొత్తం గీకి తీసేసి, కోడిగుడ్డు పెంకుల పొడి కలిపి తిరగెయ్యాలి. నిమ్మతొక్కలు, పచ్చడి, నూనె తగిలిన అన్నం అసలు వెయ్యొద్దు.

చీమలు పట్టాయంటే పరుపు ఆరిపోయిందని అర్థం. మందు చల్లకండి, తడిపి చుట్టూ సన్నటి నీటి కాలవ తీయండి. మన ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ బెడ్డుకి షేడ్‌నెట్ ఒక్కటే సరిపోదు. లోపల 35 డిగ్రీలు దాటితే యూడ్రిలస్ నిలవదు. పూటపూటా గోనెసంచి తడపాలి, వీలైతే బెడ్డును మొదటే పాకలో పెట్టుకోవాలి. ఈ విషయంలో ప్లాస్టిక్ గుడ్డ కన్నా సిమెంటు తొట్టి నయం.

ఎర్రల్ని బయటికి తీయడం తేలిక. సాయంత్రం సంచి కింద అరటితొక్కలు పెడితే తెల్లవారి అక్కడే గుట్టగా దొరుకుతాయి. మెడ దగ్గర ఉంగరంలా ఉబ్బిన పట్టీ ఉన్నవి పెద్దవి, ఎరకు ఏరుకోండి. మిగతావి వదలండి. చెరువుకెళ్లే ముందు రెండు రోజులు వాటిని తడి పేపరు ముక్కలు, కడిగిన కొబ్బరిపొట్టులో ఉంచితే కడుపులో మట్టి పోయి తోలు గట్టిపడుతుంది. గాలానికి గుచ్చినప్పుడు తెగదు, నీళ్లలో ఎక్కువసేపు కదులుతుంది.

మిగిలినవి గట్టున పారబోయొద్దు. బయటి జాతి కాబట్టి ఇంటికి తెచ్చి బెడ్డులోనే వేయండి, కానీ తెగినవి, వాడినవి ఏరి పారేశాకే. డబ్బాలో చచ్చిన ఎర్ర ఒక్కటున్నా తెల్లారేసరికి పక్కవి కూడా పోతాయి.