ఇంటి ఫోటోలకు రెండు డిస్కుల పెట్టె: సైనాలజీ డీఎస్223జె రెండేళ్ళ వాడకంలో

మా ఇంట్లో పోకూడని డేటా ఎంత ఉందో మొదటిసారి లెక్క వేసినప్పుడు అది ఒకటిన్నర టెరాబైట్లకు తేలింది. అందులో సగానికి పైగా ఫోన్లలో తీసిన వీడియోలే. మిగిలినవి 2016 కృష్ణా పుష్కరాలప్పటి ఫోటోలు, మా చెల్లెలి పెళ్ళి వీడియో, పాత క్యాసెట్ల నుంచి కంప్యూటరులోకి ఎక్కించిన నాయనమ్మ పాటలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు. ఇవన్నీ మూడు ఫోన్లలో, రెండు ల్యాప్‌టాప్‌లలో, ఒక పాత పోర్టబుల్ హార్డ్ డిస్కులో, బీరువాలోని పదిహేను డీవీడీలలో చెల్లాచెదురుగా ఉండేవి. ఏది ఎక్కడ ఉందో నాకొక్కడికే తెలుసు, అదీ అరకొరగానే. డీవీడీలు తీసి చూస్తే వాటిలో మూడు అసలు తెరుచుకోలేదు. ఇంట్లో రాసుకునే డీవీడీలో సమాచారం నిలిచేది ఒక రంగు పొర మీద కాబట్టి, ఎండకూ వేడికీ అది పాడైపోతుందని అప్పుడు గాని నాకు తెలియలేదు.

2023 చివరిలో సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో కంప్యూటరు దుకాణాలన్నీ ఉండే సీటీసీకి వెళ్ళి సైనాలజీ వారి డీఎస్223జె అనే పెట్టెను, దానిలోకి నాలుగేసి టెరాబైట్ల హార్డ్ డిస్కులు రెండింటిని కొన్నాను. దీనిని నాస్ అంటారు. రౌటరుకు తీగతో కలిపి ఒక మూల పెడితే, ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, టీవీ అన్నీ అందులోని ఫైళ్ళను చూడగలుగుతాయి. పెట్టె డిస్కులు లేకుండా ఖాళీగా వస్తుంది. వాటి ఖర్చు వేరే.

క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకని ఇంట్లో వాళ్ళే అడిగారు. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి ఉచిత అపరిమిత నిల్వను ఆపివేసింది. ఆ తరువాత మెయిలు, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిసి 15 జీబీలో సర్దుకోవాలి. నేను కట్టినప్పుడు రెండు టెరాబైట్లకు ఏడాదికి 6,500 రూపాయలు అయింది. డబ్బు సంగతి అలా ఉంచినా, స్థలం ఆదా చేసే పద్ధతిని ఎంచుకుంటే ఫోటోను 16 మెగాపిక్సెళ్ళకు, వీడియోను 1080పీకి కుదించి దాస్తారు. పైగా రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాను తొలగించే నియమం కూడా ఉంది. నాన్నగారి పాత ఖాతాలో ఉన్న ఫోటోలు గుర్తుకు వచ్చి ముందు వాటిని దించుకున్నాను. క్లౌడ్ మంచిదే, కాని అది అద్దె ఇల్లు.

డిస్కులు కొనేటప్పుడు కాస్త జాగ్రత్త అవసరం. కొన్ని హార్డ్ డిస్కులలో ట్రాక్‌లను, అంటే డేటా రాసే వలయాలను, పెంకుల మీద పెంకులు పేర్చినట్టు ఒకదాని అంచు మీద ఒకటి రాస్తారు. దీనిని ఎస్‌ఎమ్‌ఆర్ అంటారు. తక్కువ ఖర్చుతో ఎక్కువ స్థలం వస్తుంది గాని, పాడైన డిస్కు తీసి కొత్తది పెట్టినప్పుడు మొత్తం డేటాను తిరిగి రాయడానికి విపరీతంగా సమయం పడుతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ వారి రెడ్ రకంలో కొన్ని ఇలాంటివేనని బయటపడి పెద్ద గొడవే జరిగింది. తరువాత ఆ సంస్థ ట్రాక్‌లు ఒకదాని మీద ఒకటి పడకుండా రాసే సీఎమ్‌ఆర్ డిస్కులను రెడ్ ప్లస్ అని వేరు చేసింది. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ డిస్కులు సీఎమ్‌ఆర్‌వే. దుకాణంలో నాస్ డిస్కు అని మాత్రమే అడగకుండా సీఎమ్‌ఆర్‌దేనా అని కూడా అడగాలి.

అమర్చడం కష్టం కాదు. పెట్టె పైకప్పు జరిపి, డిస్కులను స్క్రూలతో బిగించి, బ్రౌజరులో అడిగిన వాటికి జవాబులు ఇచ్చుకుంటూ పోతే గంటలోపు పని అవుతుంది. రెండు డిస్కుల మీదా ఒకే డేటా ఉండే రెయిడ్ 1 పద్ధతి ఎంచుకున్నాను కాబట్టి ఎనిమిది టెరాబైట్ల డిస్కులకు దక్కేది నాలుగే. లెక్కించే తీరు వేరు కనుక తెర మీద అది ఇంకా తగ్గి 3.6గా కనబడుతుంది. మా ఫోన్లలోని ఫోటోలు ఇప్పుడు ఎవరూ చేయి పెట్టకుండానే వైఫై అందగానే పెట్టెలోకి చేరుతున్నాయి. అమ్మ టీవీలోనే పుష్కరాల ఫోటోలు చూసుకుంటుంది. డల్లాస్‌లో ఉన్న చెల్లెలు తన పెళ్ళి వీడియోను అక్కడి నుంచే ఫోనులో తెరవగలుగుతోంది. తీగ కలిపిన కంప్యూటరు నుంచి కాపీ చేస్తే సెకనుకు సుమారు 110 మెగాబైట్ల వేగం వస్తుంది. గిగాబిట్ పోర్టుకు అంతకు మించి ఆశించకూడదు.

లోపాలు లేకపోలేదు. ర్యామ్ 1 జీబీ మాత్రమే, పెంచుకునే వీలు లేదు. మొదటిసారి లక్షకు పైగా ఫోటోలు ఎక్కించినప్పుడు వాటి సూక్ష్మచిత్రాలు తయారు చేయడానికి అది రోజుల తరబడి ఆయాసపడింది. ఈ మోడల్‌లో డిస్కు మీద ఫైళ్ళను అమర్చడానికి ఈఎక్స్‌టీ4 అనే పద్ధతి మాత్రమే ఉండడం వలన, పొరపాటు జరిగితే నిన్నటి స్థితికి వెనక్కి తిప్పే స్నాప్‌షాట్ సౌకర్యం లేదు. పెట్టెను నడిపే సాఫ్ట్‌వేరు డీఎస్ఎమ్‌కు 2024లో వచ్చిన 7.2.2 నవీకరణతో వీడియోలు చూపించే వీడియో స్టేషన్‌ను తీసివేశారు, హెచ్ఈవీసీ అనే కుదింపు పద్ధతిలోని వీడియోలను పెట్టెలోనే వేరే రూపంలోకి మార్చే పనిని కూడా మానేశారు. డబ్బు పెట్టి కొన్నాక ఉన్న సౌకర్యాన్ని తీసివేయడం నాకు నచ్చలేదు.

మన భాషలో ఫైళ్ళకు పేర్లు పెట్టుకునేవారికి మరొక చిక్కు ఉంది. ఎన్‌క్రిప్ట్ చేసిన, అంటే తాళంచెవి లేనిదే చదవలేని, షేర్డ్ ఫోల్డరులో ఫైలు పేరు 143 బైట్లు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో గుణింతపు గుర్తుకూ పొల్లుకూ కూడా మూడేసి బైట్లు పడతాయి. "తాతగారి షష్టిపూర్తి" అనే రెండు మాటలకే 55 బైట్లు ఖర్చు అవుతాయి. దానికి ఊరు, తేదీ, ఎవరెవరు ఉన్నారో కలిపితే ఫైలు కాపీ కాదు. అందుకే ఆ వివరాలను ఫైలు పేర్లలో నుంచి ఫోల్డర్ల పేర్లలోకి మార్చుకున్నాను.

ఇక అసలు విషయం. రెండు డిస్కులు ఉన్నాయి కదా, బ్యాకప్ కుదిరినట్టే అని మొదటి మూడు నెలలు నేనూ అనుకున్నాను. స్థలం మిగులుతుందని రీసైకిల్ బిన్‌ను తీసివేసి ఉంచాను. సెలవులకు వచ్చిన మా మేనల్లుడు కంప్యూటరులో ఖాళీ చేస్తూ చేస్తూ "2019" అనే ఫోల్డరును మొత్తంగా చెరిపేశాడు. రెండు డిస్కులూ ఆ ఆజ్ఞను ఏకకాలంలో, తు.చ. తప్పకుండా పాటించాయి. రెయిడ్ అనేది ఒక డిస్కు చచ్చిపోయినా పని ఆగకుండా చూస్తుందే తప్ప, పొరపాటున చెరపడాన్ని, వైరసును, దొంగను, నీటిని ఆపలేదు. అదృష్టవశాత్తు అంతకు ముందు వారమే అలవాటుగా ఒక యూఎస్‌బీ డిస్కులోకి కాపీ తీసి ఉండడంతో ఆ ఏడాది ఫోటోలు దక్కాయి.

ఆ డిస్కు కూడా అదే గదిలో ఉండడం ఎంత పొరపాటో 2024 సెప్టెంబరులో తెలిసింది. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళ ఇంటి కింది అంతస్తులోకి నీళ్ళు వచ్చాయి. కంప్యూటరు బల్ల కింద, బ్యాకప్ డిస్కు బీరువా కింది అరలో, ఆల్బములు ఆ పక్కనే. మూడూ ఒకేసారి తడిసిపోయాయి. వాళ్ళ అబ్బాయి పెళ్ళి ఫోటోలు నా పెట్టెలో ఒక ప్రతి ఉండడం వలన ఆ మట్టుకు తిరిగి ఇవ్వగలిగాను. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 నియమం ప్రకారం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల మీద, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. ఆ చివరి అంకెను అందరం దాటవేస్తాం.

అప్పటి నుంచి రెండు టెరాబైట్ల యూఎస్‌బీ డిస్కులు రెండు పెట్టుకున్నాను. ఒకటి ఇక్కడ, ఒకటి రాజమహేంద్రవరంలో అక్క వాళ్ళింట్లో ఉంటుంది. సంక్రాంతికి, వేసవి సెలవులకు, దసరాకు వెళ్ళినప్పుడు మార్చుకుంటాం. పెట్టెతో ఉచితంగా వచ్చే హైపర్ బ్యాకప్‌లో పాత ప్రతులన్నీ ఉంచే పద్ధతి ఒకటి ఉంది గాని, దానిని చదవడానికి ఆ సంస్థ ప్రోగ్రామే కావాలి. నేను ఒకే ప్రతి ఉంచే పద్ధతి ఎంచుకున్నాను. రేపు నేను లేకపోయినా అక్క ఆ డిస్కును తన ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే ఫోటోలు ఫోటోల్లాగే కనబడతాయి. దస్తావేజులను మాత్రం పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలులో ఉంచి, ఆ పాస్‌వర్డును కాగితం మీద రాసి ఆమెకే ఇచ్చాను. వేగం కోసం, తిరిగే పళ్ళెం లేకుండా చిప్పులలో డేటా దాచే ఎస్ఎస్‌డీ తీసుకోమని బావగారు అన్నారు. వాడి వాడి ఆయుష్షు తీరిన మామూలు ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక ఏడాది డేటాను నిలుపుకుంటే చాలని చిప్పుల ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం చెబుతుంది. బీరువాలో ఉండే ప్రతికి, అందులోనూ మన రాజమండ్రి ఎండలకు, తిరిగే హార్డ్ డిస్కే మేలు.

దస్తావేజులు, ఎంపిక చేసిన ఫోటోలు కలిపి 90 జీబీని క్లౌడ్‌లోకీ పంపుతున్నాను. అంతా పంపాలంటే అప్‌లోడ్ వేగం చూసుకోవాలి: 40 ఎంబీపీఎస్ వద్ద ఒక టెరాబైటుకు కనీసం 55 గంటలు పడుతుంది. పెట్టెను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవకూడదు. 2021 ఆగస్టులో బాట్‌నెట్‌లు, అంటే దొంగల చేతిలో పడిన కంప్యూటర్ల గుంపులు, పాస్‌వర్డులు ఊహిస్తూ నాస్‌ల మీద దాడి చేస్తున్నాయని సైనాలజీయే హెచ్చరించింది. 'అడ్మిన్' అనే పేరుతో పెట్టెలో ముందే ఉండే ఖాతాను మూసి, రెండంచెల లాగిన్ పెట్టుకోవడం పది నిమిషాల పని. కరెంటు పోయినప్పుడు పెట్టె తనంతట తాను సరిగ్గా ఆగిపోయేలా యూఎస్‌బీ తీగ ఉన్న చిన్న యూపీఎస్ కూడా కలపాలి. పని చేసేటప్పుడు 16 వాట్ల వరకు తీసుకుంటుంది. నెలంతా అలాగే నడిచినా పన్నెండు యూనిట్లు దాటదు.

మొత్తం డేటా ఐదు వందల జీబీ లోపు ఉన్నవారికి ఈ పెట్టె అనవసరం. రెండు యూఎస్‌బీ డిస్కులు, వాటిలో ఒకటి బంధువుల ఇంట్లో, చాలు. నలుగురి ఫోన్లు ఒకచోట చేరాలనుకునేవారికి ఇది తగినదే. నేను మళ్ళీ కొంటే స్నాప్‌షాట్‌లు ఉన్న సైనాలజీ ప్లస్ రకం పెట్టె తీసుకుంటాను. 2025లో కొత్త ప్లస్ మోడళ్ళలో సైనాలజీ డిస్కులే వాడాలని ఆ సంస్థ పెట్టిన షరతును అదే ఏడాది అక్టోబరులో డీఎస్ఎమ్ 7.3తో ఎత్తివేసింది కాబట్టి, సీటీసీలో దొరికే మామూలు డిస్కులనే వాటిలోనూ పెట్టుకోవచ్చు.