బడికీ మ్యూజియానికీ పొత్తు: ఏళ్ళ తరబడి వాడి చూశాక

పిడుగురాళ్ళ దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను. అమరావతిలోని పురావస్తు మ్యూజియంతో మా బడికి పొత్తు కుదిరి చాలా ఏళ్ళయింది. పొత్తంటే పెద్ద ఒప్పందమేమీ లేదు. ఏటా హెడ్‌మాస్టర్ సంతకంతో ఒక ఉత్తరం, అటునుంచి సరేనన్న మాట, మధ్యలో కొన్ని ఫోన్లు. ‘దీనివల్ల ఒరిగేదేమైనా ఉందా మాస్టారూ, సిలబస్ వెనకబడదా?’ అని తోటి టీచర్లు అడుగుతుంటారు. అందుకే ఇది. ఈ పొత్తుకు అయిదు మార్కులకు మూడున్నర వేస్తాను. తగ్గిన ఒకటిన్నర సంగతి కింద రాస్తాను.

మామూలుగా బళ్ళు అమరావతి ఎలా వెళ్తాయో అందరికీ తెలిసిందే. పొద్దున్నే బస్సు, అమరేశ్వరుడి దర్శనం, ధ్యానబుద్ధుడి ముందు గ్రూపు ఫొటో, మ్యూజియంలో ఒక చుట్టు, కృష్ణ ఒడ్డున పులిహోర. పిల్లలకు సరదాగా ఉంటుంది, ఉండాలి కూడా. కాకపోతే దాన్ని చదువు కింద రికార్డులో రాయడం నాకు నచ్చదు.

మేం చేసేది వేరు. వెళ్ళే ముందు వారమే రెండు పీరియడ్లు క్లాసులో ఐఎఫ్‌పీ (గోడకుండే పెద్ద టచ్‌స్క్రీన్ ప్యానెల్) మీద బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైటు తెరుస్తాం. అమరావతి బౌద్ధ స్తూపం రాళ్ళు చాలా అక్కడే ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసు పంపినవి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. వాటిలో ఒక పలక ఉంది, నాకు అన్నింటికన్నా ఇష్టం. స్తూపం అండం (గుమ్మటం) కింద చుట్టూ నిలబెట్టిన పలకల్లో ఒకటి. ఒకవైపు క్రీస్తుకు పూర్వం చెక్కిన శిల్పం: బోధివృక్షం, దాని కింద ఖాళీ సింహాసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఆ రాయినే వెనక్కి తిప్పి రెండోవైపు ఏకంగా స్తూపాన్నే చెక్కారు. ప్యానెల్ మీద వేలితో పెద్దది చేసి చూపిస్తే ఏ బ్యాచ్‌లోనైనా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే, ‘బుద్ధుడేడి సార్?’ అప్పుడు చెప్పను. ‘అమరావతి వెళ్ళాక వెతకండి’ అంటాను. తొలినాటి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా పాదాలు, చక్రం, ఖాళీ ఆసనంతో సరిపెట్టారని నేను బోర్డు మీద రాస్తే మర్నాటికి మర్చిపోతారు. అక్కడ రాతి మీద పాదాలు వాళ్ళంతట వాళ్ళు కనిపెడితే గుర్తుంటుంది.

మ్యూజియంలో మా పద్ధతి సులువు. నలుగురైదుగురికి ఒక రాయి, అంతే. చేతిలో పెన్సిలు, తెల్లకాగితం. ముందు బొమ్మ గీయాలి, పక్కనున్న బోర్డు ఆ తర్వాతే చదవాలి. మిగతా రాళ్ళు చూడకపోయినా ఫరవాలేదు. ఆవరణలో స్తూపం నమూనా, మళ్ళీ నిలబెట్టిన ప్రాకారం భాగం ఉన్నాయి కాబట్టి, తమ రాయి అసలు ఎక్కడ ఉండేదో చివర్లో అక్కడికెళ్ళి చూసుకుంటారు.

ఒక ఏడాది ఎనిమిదో తరగతి కుర్రాడొకడు, బోర్డు మీద రెండు లెక్కలు కూడా చేయనివాడు, తన రాయిని ఎగాదిగా చూసి, ‘ఇది బట్టీలో వేస్తే మంచి సున్నం దిగుద్ది సార్’ అన్నాడు. పక్కనున్న అటెండర్‌గారు ఉలిక్కిపడ్డారు. వాళ్ళ నాన్న సున్నపు బట్టీలో పనిచేస్తాడు మరి. అమరావతి శిల్పాలు పలనాటి సున్నపురాయివే. 1797లో కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ సైనికాధికారి తొలిసారి వచ్చేనాటికే ఇక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తూ ఉన్నాడు. స్తూపం దిబ్బ తవ్విన రాళ్ళు గోడల్లోకి పోయాయి, సున్నానికి కాలిపోయాయి. ఈ సంగతి పుస్తకంలో ఒక్క ముక్కలో అయిపోతుంది. రాయి ఎలా పేరుస్తారు, బొగ్గు ఎక్కడ వేస్తారు, కాలిన రాయి మీద నీళ్ళు పోస్తే ఎలా పొంగి విరుగుతుందో ఆ రోజు వాడే చెప్పాడు. క్లాసు మొత్తం వాడి చుట్టూ చేరింది. మ్యూజియం వాళ్ళు కూడా విన్నారు. ఈ పొత్తుకు నేనిచ్చే మార్కుల్లో సగం ఇందుకే. వాళ్ళ దగ్గర రాయి ఉంది, మా పిల్లల దగ్గర ఆ రాయి గురించిన పనితనం ఉంది. బడి వట్టి చేతులతో పోవడం లేదు.

ఇంకో సంగతి, శాసనాలు. స్తూపానికి రాజులే కాదు, మామూలు జనం కూడా రాళ్ళు ఇచ్చారు. విధికుడనే చర్మకారుడు తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలక ఇచ్చాడని ఒక శాసనం. ‘చెప్పులు కుట్టేవాళ్ళ పేరు రాతిమీద చెక్కారా సార్’ అని ఒక అమ్మాయి రెండుసార్లు అడిగింది. ఎందుకడిగిందో మా ఊళ్ళో ఉన్నవాళ్ళకు వివరించక్కర్లేదు.

రికార్డుల వైపు మాది చిన్న ప్రయత్నమే. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించుకున్న కైఫీయతుల (ఊళ్ళ చరిత్రల) నుంచి జిరాక్సు పేజీలు తెచ్చి చదివిస్తాను. చుక్క ఉండదు, కామా ఉండదు, వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలీదు. పిల్లలు ఇంటికి పట్టుకెళ్ళి తాతయ్యల చేత చదివించుకొస్తారు. చెరువులు, మాన్యాలు, పొలిమేరల దగ్గరకొచ్చేసరికి తాతయ్యలకు మహా హుషారు. దీంతోపాటు మా బడి పాత అడ్మిషన్ రిజిస్టరు తీస్తాం. పేర్లు, కులం కాలమ్ మీద కాగితం కప్పేస్తాను, అందులో మొహమాటం లేదు. తండ్రి వృత్తి, ఆడపిల్లల లెక్క మాత్రం కప్పకుండా ఉంచుతాను. ‘వ్యవసాయం’ తగ్గుతూ ‘బట్టీ కూలీ’, ‘లారీ డ్రైవరు’ పెరగడం వాళ్ళే లెక్కపెట్టి గ్రాఫు గీస్తారు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టుకు ఇంతకన్నా ఏం కావాలి? బజార్లో అమ్మే చార్టులు అంటించడం కన్నా వెయ్యి రెట్లు నయం.

ఇక తగ్గిన ఒకటిన్నర. అమరావతి కాదు, మేం వెళ్ళిన ఇంకో మ్యూజియం సంగతి ఇది. ఉత్తరానికి ‘రండి’ అన్న అధికారి మేం వెళ్ళేలోగా బదిలీ అయ్యారు. కొత్తాయనకు ఫైలు కనబడలేదు, గేటు దగ్గర ఎండలో పిల్లలు బారులు తీరారు. లోపలికి పంపాక కింద కూర్చోవద్దన్నారు. కూర్చోకుండా బొమ్మ ఎలా గీస్తారండీ? బోర్డుల మీద తెలుగు అక్కడక్కడే ఉంది. ఈ పొత్తులన్నీ ఒక మనిషి మంచితనం మీద నడుస్తాయి, ఆ మనిషి వెళ్ళిపోతే మళ్ళీ మొదటికొస్తాయి. మా వైపు కూడా అంతే, నాకు బదిలీ అయితే ఇదంతా ఎవరు చేస్తారో చూడాలి. అందుకే ఈమధ్య ఉత్తరాలు, గ్రూపుల జాబితా, ఏ రాయి ముందు ఏం అడగాలో అన్నీ ఒక రిజిస్టరులో రాసి స్టాఫ్‌రూమ్ బీరువాలో పెట్టాను. పై ఆఫీసు అడిగేది మాత్రం ఫొటోలే. ఎవరెన్ని బొమ్మలు గీశారో ఎవరికీ అక్కర్లేదు.

మొదలుపెట్టాలనుకునే వాళ్ళకు రెండు మాటలు. పదో తరగతిని కదపకండి, పరీక్షల బెంగతో ఎవరికీ మనసు నిలవదు. ఎనిమిది, తొమ్మిది బాగుంటాయి. అమరావతి మ్యూజియానికి శుక్రవారం సెలవు. పదిహేనేళ్ళ లోపు పిల్లలకు టిక్కెట్టు లేదు కాబట్టి ఖర్చంతా బస్సుదే. అందుకని క్లాసు మొత్తాన్ని కాకుండా ఒక్క సెక్షన్‌నే తీసుకెళ్ళి, రెండో సెక్షన్‌కు వాళ్ళ చేతే చెప్పించండి.